అరికాళ్ళ దురద

పిట్ట ఇంకా ముట్టలేదు. మోదుగాకు విస్తరిలో పెట్టిన అన్నం మీద ఆవిరి ఎప్పుడో ఆరిపోయింది, కోడికూర మీద నూనె తేరింది, దొప్పలో పోసిన కల్లులో రెండు ఈగలు తేలుతున్నాయి, మొగిలయ్యకు ఇష్టమని ఆయన పెండ్లాం సరోజన ముట్టించి పెట్టిన బీడీ తనంతట తనే కాలుతూ దారం దాకా వచ్చి ఆరింది. వాగు ఒడ్డున, మొన్న మొగిలయ్యను కాల్చిన చోటికి పది బారల ఇవతల, తుమ్మచెట్ల పలుచని నీడలో ఇరవై మంది కూర్చొని కొమ్మల దిక్కు చూస్తున్నారు. కాకులు లేక కాదు, నాలుగున్నాయి. ఒకటి కిందికి దిగి, విస్తరికి రెండు మూరల దూరంలో ఎగిరెగిరి నడిచి, తల వంచి చూసి మళ్ళీ పైకి పోయింది. చచ్చిపోయిన మనిషికి మనసులో ఏదన్నా మిగిలిపోతే మూడొద్దుల నాడు పెట్టిన బువ్వను పిట్ట ముట్టదు, ఈ దిక్కున చిన్న పిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. ఆ మిగిలిందేదో ఇంటివాళ్ళు కనిపెట్టి, తీరుస్తామని మాటివ్వాలి. అప్పుడు ముడుతుంది. అందాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట్లో పెట్టకూడదు. మొగిలయ్య తమ్ముడు లక్ష్మీరాజం విస్తరికి అందరికన్నా దగ్గరగా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. ఆకలి లేదు, దప్పిక లేదు. మూడు రోజులుగా కట్టెలు మోశాడు, పాడె కట్టాడు, బంధువులకు కబురు పంపాడు, గుండు గీయించుకున్నాడు. అన్నీ చేతులు చేశాయి, తను పక్కన నిలబడి చూశాడు. కంట్లో చుక్క నీరు రాలేదు. రాలేదని సిగ్గు కూడా అనిపించలేదు.

"మొగిలిగానికి ఏం మిగిలిపోయిందో సోంచాయించున్రి జర" అన్నాడు కులపెద్ద చంద్రయ్య, తలకు చుట్టుకున్న తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ఊకె పైకి సూత్తె అయ్యేది కాదు."

ఏం మిగిలిపోతుంది, ఏమీ లేని మనిషికి. లక్ష్మీరాజం ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాడు. తొమ్మిదేళ్ళకు దొర ఇంట్లో జీతానికి కుదిరాడు అన్న. కుదిరాడు అనడం మాట వరసకే, బాపు చేయి పట్టుకొని తీసుకుపోయి గడి వాకిట్లో నిలబెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు, అవ్వ ఆ రాత్రి పొయ్యి ముట్టించలేదు. అప్పుడు లక్ష్మీరాజం చంకలో పిల్లవాడు, ఇదంతా అవ్వ చెప్పగా విన్నదే. తనకు ఎరుకైన నాటికి అన్న అంటే పశువుల కొట్టంలో పడుకునే మనిషి, దసరాకు ఒకసారి, పీరీల పండుగకు ఒకసారి ఇంటికి వచ్చే మనిషి, వచ్చినప్పుడు ఒంటికి పేడ వాసన, సగం బెల్లం ముక్క రుమాలు కొసన. అది తమ్ముడికి. సగమే ఎందుకే అని అడిగితే, సగం తొవ్వల తిన్నరా అని నవ్వేవాడు. తర్వాత మోట మీదికి ఎక్కించారు. పొద్దు పొడవక ముందే దొర పెద్దబావి మీద మోట. ఎద్దులు దిగుడులో కిందికి నడిస్తే తోలుబొక్కెన నిండుగా పైకి వస్తుంది, నీళ్ళు పోసినాక మళ్ళీ అవే ఎద్దులను వెనక్కి నడిపించి గట్టెక్కించాలి. వెనక్కి నడవడం ఎద్దుకు పుట్టుకతో రాదు, నేర్పాలి. అన్న తిట్టి నేర్పేవాడు కాదు, వాటి ముందు నిలబడి తనూ వాటితో పాటు వెనక్కి నడిచేవాడు, గట్లనే బిడ్డా, గట్లనే అని. అంబలి చెంబు పట్టుకొని పోయిన లక్ష్మీరాజం గట్టు మీద కూర్చొని నవ్వీ నవ్వీ కడుపు పట్టుకునేవాడు. ఇరవై మూడేళ్ళు ఆ బావి, ఆ నలభై ఎకరాలు. ఏ మడిలో ఏ మూలన నీళ్ళు నిలుస్తాయో, ఏ తావున నాగలికి రాయి తగులుతుందో దొరకు తెలియదు, పట్వారీ కాగితాలకు తెలియదు, అన్న కాళ్ళకు తెలుసు. పండుగకు ఇంటికి వచ్చినా కుదురుగా ఉండేవాడు కాదు, ఎవరి చెలకలోనో దున్నని జాగా కనిపిస్తే చాలు, పోయి మన్ను పిడికిట పట్టుకొని నలిపి చూసేవాడు. అవ్వ అనేది, నా పెద్దకొడుకుకు పడావు భూమి కండ్ల వడితె అరికాళ్ళు దురద వెడ్తయి, గోకితె పోయే దురద కాదు, దున్నితె పోయే దురద అని. ఆ మాట వాళ్ళింటి మాట. వేరే ఇంట్లో ఎవరూ అనగా లక్ష్మీరాజం వినలేదు. చెప్పులు లేని కాళ్ళను అన్న గడపకు రాసుకుంటే అవ్వ, తమ్ముడు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. సరోజన కోడలిగా వచ్చాక ఆమె కూడా నేర్చుకుంది, బువ్వ పెడుతూ, ఏం, ఇయ్యాల దురద తగ్గిందా అని అడిగేది.

కాకి దిగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అది కల్లు దొప్ప వైపు పోయి, ఏమనుకుందో, రెక్కలు విదిల్చి తుమ్మకొమ్మ ఎక్కింది. ఎవరో నిట్టూర్చారు. లక్ష్మీరాజం పెండ్లాం నీల కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "బావా, అక్కను మేమే సూసుకుంటం, నీకు పుణ్యముంటది" అంది. అది నిజమే, చూసుకుంటారు, దానికోసం పిట్ట ఆగే పని లేదు.

జగిత్యాల దిక్కు సభలయిన ఏడు ఆ గాలి తమ చందుర్తి దాకా వచ్చింది. ఊరూరా రైతుకూలీ సంఘం పెట్టారు, వెట్టి బందయింది, ఒక పొద్దున లేచి చూస్తే గడి తలుపుకు తాళం, దొర కరీంనగర్ పోయాడు, తిరిగి రాలేదు. దొర పోయినందుకు ఊరంతా పండుగ చేసుకుంది, అన్న కూడా కల్లు తాగి ఆడాడు, కానీ మర్నాడు పొద్దున్నే అలవాటు కొద్దీ పెద్దబావి దాకా పోయి, మోట గిలక మీద చేయి పెట్టి చాలాసేపు నిలబడి వచ్చాడట. సంఘం వాళ్ళు ఆ నలభై ఎకరాల్లో ఎర్రజెండా పాతారు, పంచేదాకా ఎవరూ నాగలి కట్టవద్దన్నారు. పంచుతామన్నవాళ్ళు తుపాకులతో అడవి పట్టారు, ఊరు వాళ్ళను అన్నలు అనేది, ఊరి మొగదల పోలీసు క్యాంపు పడింది, జెండా ఎండకు తెల్లబడి చినిగిపోయింది, భూమి పడావు పడింది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు. జిల్లేడు మొలిచింది, తుమ్మ మొలిచింది, ఊళ్ళో పిల్లలు అక్కడ దొడ్డికి కూర్చోవడం మొదలుపెట్టారు. తమ బాపు వదిలిపోయిన మూడెకరాల చెలక దాని ఒడ్డునే ఉంది, అన్నదమ్ములు చెరి సగం పంచుకున్నారు, పడావుకు ఆనుకున్న సగం అన్నకు వచ్చింది. నాగలి కట్టిన ప్రతిసారీ అన్న ఆ ఒడ్డు దాకా పోయి ఎద్దులను మళ్ళేసేవాడు. ఒక ఏడు మళ్ళేయలేదు. ఒక సాలు అటు పోయింది. మరో ఏడు ఇంకొకటి. మొత్తం రెండు సాళ్ళు, మూరెడు వెడల్పు, దాంట్లో నాలుగు శేర్ల పెసర్లు కూడా పండలేదు. పండాలని కాదు. లక్ష్మీరాజం ఇవతలి మడిలో నుంచి చూసి, ఏందన్నా, దురదా అని కేక వేస్తే, మెల్లగరా అని అన్న నవ్వాడు.

"బాపూ" అన్నాడు రాజమౌళి. అన్న కొడుకు, ఇరవై రెండేళ్ళు. సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేస్తాడు, పగలంతా ఆ మోతలో ఉండి చెవులు మొద్దుబారి మామూలు మాట కూడా అరిచినట్టే మాట్లాడతాడు. బాపు దున్నలేని మనిషయ్యాక, పదమూడేళ్ళకే బడి మాని పోయాడు ఆ పనికి. "బాపూ, ఇంటి మీద రేకులు ఏపిస్త. అవ్వకు కండ్ల ఆపరేషన్ చేపిస్త." కాకి ఒకటి కిందికి దిగింది. రాజమౌళి గొంతు ఇంకా పెరిగింది. "నిన్ను ఆనాడు అన్నలకు ఎవడు పట్టిచ్చిండో వాని పేరు దొరుకవట్టి తీర్త. వాని గడప తొక్కుత. గది చెయ్యకుంటె నీ కొడుకునే కాను."

కాకి ఎగిరిపోయింది. ఈసారి కొమ్మ మీదికి కాదు, వాగు అవతలికి. చంద్రయ్య మెల్లగా, "పిట్ట ముంగట పగ మాటలు వద్దు కొడుకా" అన్నాడు. రాజమౌళికి వినిపించలేదు. సరోజన విస్తరి మీద వాలిన ఈగను చేత్తో తోలింది. లక్ష్మీరాజం తన మోకాళ్ళ మీద చేతులను చూసుకున్నాడు. అవి కదలడం లేదు. భయం వేయాలి, వేయడం లేదు, ఎవరికో జరుగుతున్న పనిలాగే ఉంది. తొమ్మిదేళ్ళుగా ఈ పిల్లవాడు పండుగకు వచ్చినప్పుడల్లా ఇదే మాట, ఇదే గొంతు, చిన్నబాపూ నీకు ఎవరి మీదనన్న అనుమానముందానే అని. లేదు కొడుకా. ఎవరి మీద చెప్తాడు. తొమ్మిదేళ్ళు అదే జవాబు చెప్పి చెప్పి అది కూడా చేతులు చేసే పనుల్లో ఒకటైపోయింది.

నవ్వుకుంటూ చెప్పాడు. అదే, లక్ష్మీరాజం ఎప్పుడు తవ్వుకున్నా అక్కడికే వచ్చి ఆగుతాడు. తను పగతో చెప్పలేదు, ఆశతో చెప్పలేదు, నవ్వుకుంటూ చెప్పాడు. తొమ్మిదేళ్ళ కింద ఆ ఎండాకాలం నీల పురిటికి కోరుట్ల అవతల తల్లిగారి ఊరు పోయింది, చూడబోయిన తను ఊరికే కూర్చోలేక వాళ్ళతో తునికాకు తెంపబోయాడు. ఆ ఊళ్ళో తనను అల్లుడు అనడమే తప్ప పేరు పెట్టి ఎరిగినవాళ్ళు కూడా తక్కువ. తునికాకు కట్టలు ఎండబెట్టిన కల్లం కాడికి ఒక మాపటేళ అన్నలు వచ్చారు. అయిదుగురు. తుపాకులు చెట్టుకు ఆనించి, అందరితో పాటు కింద కూర్చొని, మంచినీళ్ళు అడిగి తాగి, మీకు కష్టాలేమున్నయో ఒక్కొక్కలు చెప్పున్రి అన్నారు. అందరూ చెప్పారు. ఆకు కట్టకు రేటు తక్కువని ఒకడు, ఫారెస్టోళ్ళు గొడ్డలి గుంజుకున్నరని ఒకడు, పటేలు బావి దగ్గరికి రానిస్తలేడని ఒక ముసలామె. వరస తన దాకా వచ్చింది. అల్లుడా, నువ్వు జెప్పు. చెప్పడానికి ఏమీ లేదు, దొర ఎప్పుడో పోయాడు, పటేలు మంచివాడే, పెండ్లాం సుఖంగా కన్నది, ఆడపిల్ల. అంతమంది కష్టాలు చెప్పిన చోట ఏమీ లేదంటే పొగరనుకుంటారేమో అనిపించింది. అందరి ముందు ఏదో ఒకటి చెప్పాలి, నవ్వించాలి కూడా, అత్తగారి ఊరు గదా. మా ఊళ్ళె దొర భూమి పడావు వడ్డది సారూ, మా మొగిలన్నకు పడావు జూస్తె అరికాళ్ళు దురద వెడ్తయి, ఆగలేక ఏటా ఒక సాలు అటు జరుపుతుండు అన్నాడు. నవ్వారు. ముసలామె పండ్లు లేని నోటితో మరీ నవ్వింది. నోట్‌బుక్కు పట్టుకున్న అన్న ఒక్కడు నవ్వలేదు, ఏ ఊరు, ఇంటిపేరేంది అని అడిగి రాసుకున్నాడు. చిన్న పిల్లవాడు, మీసాలు సరిగ్గా రాలేదు, అక్షరాలు ముద్దుగా గుండ్రంగా రాస్తున్నాడు. తనకు చదువు రాదు, అయినా ఆ అక్షరాలు బాగున్నాయనుకున్నాడు. ఊరికే రాసుకుంటున్నాడేమో అనుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కోరుట్ల అంగడిలో ఎద్దు మెడకు గంట కొన్నాడు, అన్న ఎద్దుకు. అన్న మీద అన్నలకు చెప్పానని ఆ రోజు తోచలేదు. ఆ రెండు మాటలు ఒకటేనని ఆ తర్వాత ఎన్ని రాత్రులు అనుకున్నాడో. మరి, అంతకు ముందటి ఏడు ఏరువాక నాడు ఎద్దులు ముందు నాకియ్యి అంటే అన్న ఇవ్వలేదే, తన చెలక దున్నుకున్నాకనే ఇచ్చాడే, అది మనసులో లేదా? ఉందేమో. చిటికెడు. చారులో ఉప్పంత. ఉన్నా లేకున్నా ఇప్పుడు తెలుసుకునే తొవ్వ లేదు.

తొలకరి పడ్డ నాలుగో నాడు వచ్చారు, ఇటు దిక్కు వాళ్ళు, వేరే అన్నలు. చెలకలోనే పంచాయితీ. ఊరిని పిలిచారు, మోకుతో కొలిచారు, రెండు సాళ్ళు తేలాయి. ప్రజలకు పంచే భూమిని ఒక్కడు ఎట్లా కలుపుకుంటాడు, ఇయ్యాల నువ్వు రెండు సాళ్ళు, రేపు ఇంకొకడు రెండెకరాలు. అన్యాయమేమీ మాట్లాడలేదు వాళ్ళు, ఆ మాటలు ఇప్పుడు తలచుకున్నా న్యాయంగానే ఉంటాయి. ఎవరు చెప్పిన్రు అని ఊరివాళ్ళు అడిగితే, ఎవరు చెప్తె ఏంది, సంగతి నిజమా కాదా అన్నారు. నిజమే అన్నాడు అన్న. అప్పుడు వాళ్ళ పెద్దాయన కాగితం చూసి, ఏందే, పడావు జూస్తె నీకు అరికాళ్ళు దురద వెడ్తయంట గదా అన్నాడు. లక్ష్మీరాజం గుంపులో మూడో వరసలో ఉన్నాడు. అవ్వ చచ్చిపోయి అప్పటికి ఆరేళ్ళు, ఆ మాట ఎరిగినవాళ్ళు లోకంలో ముగ్గురు. అన్న చూడలేదు. ఇటు చూడలేదు, సరోజన దిక్కు చూడలేదు, తల వంచి తన కాళ్ళను తనే చూసుకొని ఒకసారి నవ్వాడు. పొగరు నవ్వనుకొని ఒకడు చింతబరిగె తీసుకున్నాడు. నాలుగు దెబ్బలు, అంతే, ఎక్కువ కొట్టలేదు. ఆ నవ్వు ఏమిటి? తప్పు ఒప్పుకున్నవాడి నవ్వా, అవ్వ గుర్తొచ్చి నవ్వా, లేక ఎరుకైన నవ్వా? మూడో వరసలో నిలబడ్డవాడికి మొహం సగమే కనిపించింది.

మూడో రోజుకు పోలీసులు, అన్నను పట్టుకుపోయారు. అన్నలు ఊళ్ళోకి వస్తే పోలీసులు రావడం, పొద్దు పొడిస్తే ఎండ రావడంలాంటిదే ఆ రోజుల్లో. పంచాయితీలో దెబ్బలు తిన్నవాడివి నువ్వు, మావాడివే, చెప్పు, వాళ్ళకు మీ ఊరి సంగతులు మోసేవాడు ఎవడు అని మొదట చాయ్ తాగించి అడిగారట. ఎరికలేదు సారూ. పన్నెండు రోజులు దూరాన తాలూకా క్యాంపులో ఉంచుకున్నారు. బోర్లా పడుకోబెట్టి, కాళ్ళు బల్లకు కట్టి, అరికాళ్ళ మీద. దురద సంగతి వాళ్ళకు తెలియదు, వాళ్ళు ఎవరినైనా అక్కడే కొడతారు, పైకి కనిపించదు కాబట్టి. పన్నెండో నాడు ఎడ్లబండి కట్టుకొని పోయి తెచ్చింది లక్ష్మీరాజమే. బండిలో గడ్డి పరిచాడు. దారిలో అన్న ఒక్కటే అడిగాడు, వాన పడ్డదా, మన దిక్కు పడ్డదా అని. పడ్డదే అన్నాడు. నువ్వు వెట్టినవా విత్తనం? వెట్టిన. మంచిది అన్నాడు అన్న, కండ్లు మూసుకున్నాడు.

కాళ్ళు మానాయి గానీ తిరిగి రాలేదు. మడమల అంచుల మీద, ముళ్ళ మీద నడిచినట్టు నడిచేవాడు. దుక్కిలో నడవడానికి పాదం మొత్తం ఆనాలి, మన్నును తొక్కాలి. అది పోయింది. అప్పటి నుంచి రెండు చెలకలూ లక్ష్మీరాజమే దున్నాడు, ముందు అన్నది, తర్వాత తనది, ఒక్క ఏడు కూడా వరస తప్పలేదు. తమ్ముడంటే లక్ష్మీరాజం, రామునికి లక్ష్మణుడు గూడ గింత చెయ్యలె అనేది ఊరు. ఆ పొగడ్త చెవిన పడ్డప్పుడల్లా మొదటి రెండేళ్ళు పొలంలోకి పోయి వాంతి చేసుకున్నాడు. తర్వాత వాంతి కూడా ఆగింది. అన్న గట్టు మీద కూర్చొని, మేడి మీద కాదురా, నడుము మీద వెయ్యి బరువు అని చెప్పేవాడు, చిన్నప్పుడు నేర్పినట్టే. ఎండ ఎక్కితే లక్ష్మీరాజం చెంబెడు నీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు, అన్న తాగి చెంబులో సగం మిగిల్చి తమ్ముడికి ఇచ్చేవాడు. ఒక్కసారి అడిగితే చెప్పేవాడు. అన్న అడగలేదు. నాకు తెలుసు అని కండ్లతోనన్నా అనలేదు. అన్నకు ఎరుక లేదు, ఎరుక ఉంటే చెప్పేవాడే, పన్నెండు రోజులు అట్లా కొడితే ఎవడైనా చెప్తాడు, దేవుడైనా చెప్తాడు, కాబట్టి ఎరుక లేదు. ఈ లెక్కను పట్టుకొని తొమ్మిదేళ్ళు బతికాడు. ఒక్క సంగతి మాత్రం ఆ లెక్కలో కలిసేది కాదు. ఆ మాట ఇంట్లో నుంచి పోయింది. దురద అన్న మాట. దోమ కుట్టినా, గజ్జి లేచినా, ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అనేవాళ్ళు కాదు. మంట అనేవాళ్ళు, గుంజుతుంది అనేవాళ్ళు. సరోజన పక్కకు తిరిగి వేరే మాట వెతుక్కునేది. లక్ష్మీరాజం గమనించాడు. గమనించి, గమనించనట్టు బువ్వ కలుపుకున్నాడు. తెలుసుకోవాలనుకుంటే అప్పుడే తెలిసేది.

"ఎండ నెత్తికెక్కె" అన్నాడు చంద్రయ్య. "ఇంకెంతసేపని సూత్తం. ముసలోళ్ళున్నరు, పసిపిల్లలున్నరు. వాగుల కలిపేద్దాం."

వాగులో కలిపితే అయిపోయినట్టే. మొగిలయ్య బువ్వ తినకుండా పోయాడని ఊరంటుంది, ఆయన కోరిక తీరక తిరుగుతున్నాడని పిల్లలు చీకట్లో ఇటు రారు, రాజమౌళి పెండ్లికి కూడా ఆ మాట అడ్డం వస్తుంది. "ఇంకా జర ఆగు మామా" అంది సరోజన. మరిది దిక్కు చూసింది. "లక్ష్మీరాజం, నువ్వు ఒక్క మాట సుత చెప్పలె. నీ అన్ననే గదా."

అందరూ ఆయన దిక్కు తిరిగారు. లక్ష్మీరాజం గొంతు సవరించుకొని, "అన్నా, నీ చెలక పడావు వడనియ్య. రాజమౌళిని నా కొడుకు తీరు సూసుకుంట" అన్నాడు. మాటలు చక్కగా వచ్చాయి. కొమ్మ మీది కాకులు ముక్కులు గోక్కున్నాయి. దిగలేదు. దిగవని తెలుసు, పొద్దుటి నుంచీ తెలుసు, ఇరవై మందిలో తనకొక్కడికే తెలుసు అన్నకు ఏం మిగిలిందో. తనను ఎవరు పట్టించారో తెలియకుండా పోయాడు. ఆ పేరు వినాలి అన్నకు. రేకుల ఇల్లు, కంటి ఆపరేషన్ ఇవన్నీ ఎవరికి కావాలి. పేరు. ఇక్కడ, ఇప్పుడు, ఈ పిల్లవాడు వింటుండగా. రాజమౌళి గొడ్డలి తీసుకొని వస్తే రానీ. నీల తల్లిగారింటికి పోతే పోనీ. ఆశ్చర్యంగా ఏమీ అనిపించడం లేదు, దిగుడులో కిందికి నడిచే ఎద్దుకు ఏమనిపిస్తుంది, బరువు వెనక లాగుతుంటుంది, అది నడుస్తుంటుంది, అంతే. మోకాళ్ళ మీద లేచి విస్తరి దగ్గరికి జరిగాడు. మన్నులో రెండు చేతులూ పెట్టాడు.

"అన్నా" అన్నాడు. "ఆనాడు నేనే..."

సరోజన వచ్చి పక్కన కూలబడింది. ఎంత గబుక్కున వచ్చిందంటే ఆమె మోకాలు కల్లు దొప్పకు తగిలి ఒలికింది. తమ్ముడు ఏడుస్తున్నాడని ఓదార్చబోయిందనుకున్నారు అందరూ. ఆమె లక్ష్మీరాజం మొహం చూడలేదు. విస్తరి మీదికి వంగి, పక్కవాడికి తప్ప వినపడని గొంతుతో, పసిపిల్లకు బువ్వ తినిపించేటప్పుడు చెప్పినట్టు చెప్పింది.

"ఇగో, ఇను. పన్నెండు దినాలు నువ్వు చెప్పని పేరు నా నోట్లకెల్లి సుత రాదు. నీకు మాటిచ్చిన, మాట మీదనే ఉన్న. పిలగానికి చెప్ప. ఈయనను సుత చెప్పనియ్య. సచ్చిందాక చెప్ప. ఇగ తిను."

లక్ష్మీరాజం చేతుల కింద మన్ను వెచ్చగా ఉంది. నువ్వు చెప్పని పేరు అంది. తెలియని పేరు అనలేదు. చెప్పని పేరు. అంటే పెదవుల దాకా ఉన్న పేరు. బల్ల మీద బోర్లా పడుకొని, కాళ్ళు కట్టించుకొని, ఒక్కొక్క దెబ్బకూ ఎరికలేదు సారూ, ఎరికలేదు సారూ అన్నవాడి నోట్లో ఆ పేరు ఉండింది. ఎప్పటి నుంచి? చెలకలో తల వంచుకొని నవ్వినప్పటి నుంచి. బండిలో గడ్డి మీద పడుకొని వాన పడ్డదా అని అడిగినప్పుడు కూడా ఉండింది. సగం నీళ్ళ చెంబు ఇచ్చినప్పుడు కూడా. తొమ్మిదేళ్ళు గట్టు మీద కూర్చొని తమ్ముడు దున్నుతుంటే చూసినవాడు, ఎందుకు దున్నుతున్నాడో తెలిసే చూశాడు. అన్నకు ఎరుకే.

రెక్కల చప్పుడైంది. పెద్ద కాకి, ఎక్కడి నుంచి వచ్చిందో, లక్ష్మీరాజం చేతులకు మూరెడు దూరంలో దిగి, ఇటూ అటూ చూడకుండా నేరుగా విస్తరిలోకి నడిచి అన్నంలో ముక్కు పెట్టింది. వెనక మరొకటి. వెనక ఇంకొకటి, కూర ముక్క లాక్కుపోయింది. ముట్టింది, ముట్టింది అని ఆడవాళ్ళు చేతులు జోడించారు, నీల గట్టిగా ఏడ్చింది, చంద్రయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, "తమ్ముడు పిలిస్తె గాని దిగలె సూడు, పానమంత తమ్ముని మీదనే ఉండె" అన్నాడు. అందరూ అవునన్నారు. సరోజన లేచి ఒలికిన దొప్పను సరిచేసి, కొంగు నడుముకు చెక్కుకొని, బువ్వకుండ దగ్గరికి నడిచింది. మరిది దిక్కు అప్పుడు కూడా చూడలేదు. కాళ్ళు కడుక్కోన్రి, అందరూ కాళ్ళు కడుక్కోన్రి అని ఎవరో చెబుతున్నారు. లక్ష్మీరాజానికి లోపల ఎక్కడో తొమ్మిదేళ్ళుగా మొద్దుబారిన చోట సూది దిగినట్టు నొప్పి మొదలైంది. గట్టిగా అరవాలనిపించింది. అరిచి చెప్పాలనిపించింది. చెబితే అన్న తిన్న ముద్ద కక్కించినట్టే.

రాజమౌళి వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు. కండ్ల వెంట నీళ్ళు కారుతున్నాయి, మొహం నిండా నవ్వు. సాంచెల మోతలో మాట్లాడినట్టు పెద్ద గొంతుతో, చెవి దగ్గర అడిగాడు.

"చిన్నబాపూ, బాపుకు ఇగ ఏ రంధి, ఏ చింత లేదు గదనే?"

"లేదు కొడుకా" అన్నాడు లక్ష్మీరాజం. వినపడలేదేమోనని మళ్ళీ అన్నాడు. "మీ బాపుకు ఏ రంధి లేదు."